క్యూలో ఆగిన తిట్లు

మా వదినకి కోపం ఎప్పుడొస్తుందని కొత్తవాళ్ళు నన్ను అడుగుతుంటారు. పోతే కదా రావడానికి.

ఆవిడ మా ఆయనకి అక్క. బజారులోని దుకాణాలకి వెబ్‌సైట్లు, మెయిళ్ళు నడిపిపెట్టే వ్యాపారం ఆవిడది. దుకాణాల వాళ్ళు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల సర్వరమ్మ అంటారు. డ్రైక్లీనింగ్ షాపు మేడ మీద ఒకటే గది మా ఆఫీసు. కింద ఇస్త్రీ ఆవిరికి నేల వెచ్చగా ఉంటుంది, పైన ఆవిడ నోటికి గాలి వెచ్చగా ఉంటుంది, మధ్యలో నేను ఉడుకుతుంటాను. "అక్కకి నోరెక్కువ, నీకు ఓర్పెక్కువ, ఇద్దరూ కలిస్తే సరిపోతుంది" అని మా ఆయన నన్ను అక్కడ బిల్లులు రాయడానికి కూర్చోబెట్టాడు. మొదటి మాట నిజమే. రెండోది, పెళ్ళైన కొత్తలో నేను మొహమాటానికి నోరు మూసుకుని ఉంటే ఆయన పడిన భ్రమ.

మా ఇద్దరికీ పడదు. కిటికీ నేను తెరిస్తే ఆవిడ మూస్తుంది. కప్పు నేను కడిగితే నా ఎదుటే మళ్ళీ కడుగుతుంది. ఒకసారి నేను జ్వరంతో రాకపోతే, మర్నాడు నా కుర్చీ తుడుస్తూ "నిన్న ఎంత హాయిగా పని జరిగిందో" అంది. నేనూ తక్కువ తినలేదు. ఆవిడకి వినపడేలా మా ఆయనకి ఫోన్ చేసి ఆవిడ సంగతులు ఆవిడ ముందే చెప్పేదాన్ని.

ఆ వ్యాపారం మొదట ఆవిడా, ఆవిడ భర్తా కలిసి పెట్టింది. ఆయన నాకు వరసకి అన్నయ్య. విడిపోయినప్పుడు పెద్ద కంపెనీలన్నీ తను ఉంచుకుని, ఈ బజారు దుకాణాలని ఆవిడకి వదిలేశాడు, రంగు వెలిసిన చొక్కాలు ఎవరికో ఇచ్చేసినట్టు. ఆ దుకాణాలతోనే ఆవిడ తన కాళ్ళ మీద తను నిలబడింది. అవి కూడా పోతే ఆవిడకి చేతిలో ఇంకేమీ లేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, అన్నయ్యకి అందరికంటే బాగా తెలుసు.

ఇక జరిగింది చెప్తాను. సర్వరు, అంటే ఈ సైట్లూ మెయిళ్ళూ ఉండే కంప్యూటరు, మా సొంతం కాదు, ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నది. దాన్ని ఇక్కడ కూర్చుని నడపడానికి కంట్రోల్ ప్యానెల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎవరికైనా కొత్త మెయిల్ అడ్రసు పెట్టాలన్నా, పాస్‌వర్డు మార్చాలన్నా అందులోంచే. ఒక సోమవారం అది దానంతటదే అప్‌డేట్ అయి కూర్చుంది. మేం చూసేసరికి ప్యానెల్ తెరుచుకోవడం లేదు. వెబ్‌సైట్లు మాత్రం నడుస్తున్నాయి. జనం వాటిలో ఆర్డర్లు పెడుతూనే ఉన్నారు. ఆ ఆర్డర్లు మెయిల్‌గా దుకాణాలకి చేరాలి. ఆ మెయిలే తప్ప ఆర్డరుకి ఇంకో కాపీ ఉండదు. అవి చేరడం లేదు. సర్వరులోనే ఒకదాని వెనక ఒకటి క్యూలో నిలబడిపోయాయి. కొన్నవాళ్ళకి ఆర్డరు అందిందని కనిపిస్తుంది, అమ్మేవాళ్ళకి ఏమీ తెలియదు.

వదిన హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసింది. అక్కడి అమ్మాయి తేనె పూసిన గొంతుతో "అది ప్యానెల్ సాఫ్ట్‌వేర్ సమస్య మేడమ్, ఆ కంపెనీని అడగండి" అంది. ప్యానెల్ కంపెనీకి రాస్తే, "మీరు లైసెన్సు కొన్నది హోస్టింగ్ వాళ్ళ ద్వారా కాబట్టి సపోర్టు వాళ్ళే ఇవ్వాలి" అని జవాబు, కింద మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ప్రశ్న. వదిన ఒక్క నక్షత్రం ఇచ్చి, అదీ ఎందుకిచ్చానా అని రోజంతా బాధపడింది.

"ఇల్లు కాలిపోతోందిరా అంటే ఒకడు బకెట్ నాది కాదంటాడు, ఇంకొకడు నీళ్ళు నావి కాదంటాడు" అని బల్ల గుద్దింది.

"బల్ల ఏం చేసింది వదినా" అన్నాను.

"నిన్ను గుద్దలేక."

మెయిళ్ళు రావడం లేదని దుకాణాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్‌లో ఎవరినీ ఒక్క మాట అనకూడదని నేను ముందే గట్టిగా చెప్పాను. అంటే నేను లేచి వెళ్ళిపోతానన్నాను. ఆవిడ పళ్ళు నూరుతూనే ఒప్పుకుంది. "రేపటికల్లా అయిపోతుందండీ, ఇబ్బందికి క్షమించండి" అని చిలకలా చెప్పేది. ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ ముందుకి లాక్కుని, ఆ దుకాణం అడ్రసుకే అసలు మాట రాసేది.

కళ్ళజోళ్ళ ఆయనకి, "మీరు అమ్మే కళ్ళజోడు ముందు మీరు పెట్టుకుని, ఇన్నేళ్ళలో నేను రేటు ఒక్కసారైనా పెంచానేమో చూడండి" అని. కుక్కల మేత అమ్మే ఆయనకి, "ఫోన్‌లో మీరు మొరిగిన మొరుగుడికి మీ సరుకు మీరే తింటున్నట్టున్నారు" అని. రాసి, టక్కున పంపే బటన్ నొక్కేది.

మొదటిసారి చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను. "పంపేశారా?"

"పోదులే. ఏదీ పోవట్లేదుగా. సర్వరు గడప దాటదు. ప్యానెల్ రాగానే క్యూలోంచి నేనే తీసిపారేస్తా. రాసి పంపినట్టుంటే గానీ నాకు ఊపిరాడటం లేదు."

నిజం చెప్పాలంటే నాకు ఆ ఉపాయం నచ్చింది. నేను కూడా పక్కన నిలబడి ఒకట్రెండు మాటలు అందించాను. మా ఇద్దరికీ కుదిరిన మొదటి పని అదే.

బుధవారం వర్తక సంఘం ప్రెసిడెంటు స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. ఆయనది ఫర్నిచర్ దుకాణం. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, శుక్రవారం లోపు మెయిళ్ళు రాకపోతే బజారంతా మారిపోతాం. మీ ఆయన దగ్గరికే. ఏమీ తీసుకోకుండా మారుస్తానని కబురు పంపాడు."

వదిన మొహం పాలిపోయింది. "శుక్రవారం లోపు వస్తాయండీ" అంది, అంతే. ఆయన మెట్లు దిగే చప్పుడు ఆగాక లాప్‌టాప్ తెరిచి చాలాసేపు రాసింది. నేను వెనక నుంచి చదివాను. "మీ షాపులో కుర్చీ కొన్నవాడు నిలబడి భోజనం చేయాల్సిందే. మీ మాటా అంతే, బరువు పడగానే విరుగుతుంది. మీ అబ్బాయి పెళ్ళి ఫోటోలు సర్వరులోంచి పోతే మూడు రోజులు తిండి మానేసి వెతికిచ్చింది నేను, ఇప్పుడు ఊరికే మారుస్తానంటున్నవాడు కాదు" అని ఇంకా చాలా ఉంది. అందులో తిట్టు కన్నా ఏడుపు ఎక్కువ.

శుక్రవారం మధ్యాహ్నం హోస్టింగ్ కంపెనీ చాట్‌లో మూడో టెక్నీషియను దొరికాడు. మొదటి ఇద్దరూ ఆవిడ భాషకి తట్టుకోలేక చాట్ మూసేశారు. ఇతను పొడి మనిషి. నమస్కారం లేదు, మర్యాదా లేదు. "రూట్ పాస్‌వర్డు ఇవ్వండి" అన్నాడు. సర్వరు మొత్తానికి తాళంచెవి అది. ఇచ్చాం. అతను సర్వరులోకి వెళ్ళి వెతకడం మొదలుపెట్టాడు. వదిన గోళ్ళు కొరుకుతుంటే నాకు మొహం చూడబుద్ధి కాలేదు.

అప్పుడతను రాశాడు. అప్‌డేట్ వల్ల మెయిల్ క్యూ చిక్కుపడిందట. దానికి రెండు దారులున్నాయట. క్యూలో ఉన్నవన్నీ చెరిపేస్తే అంతా వెంటనే బాగవుతుంది. లేదా చిక్కు విప్పితే ఆగిన మెయిళ్ళన్నీ ఒక్కసారిగా వాటి చోటికి వెళ్ళిపోతాయి. ప్యానెల్ తెరుచుకునేది ఆ తరవాతే. "ఏది చేయమంటారు?"

వదిన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "కొన్ని నేను రాసినవి ఉన్నాయి. అవి తీసేసి మిగతావి పంపగలరా?"

"పంపినవాళ్ళ అడ్రసును బట్టి తీయగలం. ఇక్కడ అన్నీ ఒకే అడ్రసు నుంచి ఉన్నాయి."

అది మా పనితనమే. దుకాణం సైటులో ఎవరు ఆర్డరు పెట్టినా మెయిలు వదిన అడ్రసు మీదుగానే దుకాణానికి వెళ్ళేలా ఆవిడే పెట్టింది, అన్నీ ఒక చోట కనిపిస్తాయని. ఇప్పుడు ఆర్డర్లూ తిట్లూ ఒకే మొహంతో నిలబడ్డాయి.

"ఒక్కొక్కటీ తెరిచి చూడండి" అని రాసింది.

"మీ కస్టమర్ల మెయిళ్ళు చదవడం మా నిబంధనలకి విరుద్ధం. త్వరగా చెప్పండి, నాకు వేరే కంప్లయింట్లున్నాయి."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెరిపేయమనండి వదినా."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఐదు రోజుల ఆర్డర్లే అందులో."

"పోతే పోతాయి. సర్వరు చెడిపోయింది, పోయాయి అందాం. అందులో ఏముందో ఎవరికి తెలుస్తుంది? అవి వెళ్తే ఒక్కడు మిగలడు. బతకాలని ఉందా లేదా మీకు?"

"వాళ్ళ ఆర్డర్లే అవి" అంది మళ్ళీ, నాకు చెవుడున్నట్టు. "బొమ్మల షాపు ఆవిడ నిన్న ఫోన్‌లో ఏడ్చింది. ఏ ఇంట్లోనో పిల్ల పుట్టినరోజుకని ఎవరో ఏదో కొనుంటారు. వాళ్ళకి ఆర్డరు అందిందనే చెప్పాం మనం."

"ఆవిడనీ తిట్టారుగా."

"తిట్టాను. ఆ మాటలు నావి, తిరిగి నా మొహాన కొట్టినా పడతాను. ఆర్డర్లు నావి కావు."

నేను లాప్‌టాప్ మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి విసిరేసింది. మణికట్టు రెండు రోజులు నొప్పి పెట్టింది. "అన్నీ వదిలేయండి" అని రాసి, నా కళ్ళ ముందే లాప్‌టాప్ మూసేసింది. మూస్తే ఆగేది కాదని తెలిసినా.

కాసేపటికి కింద బజారులో ఫోన్లు టింగుటింగుమని మోగే ఉంటాయి. మా ఫోను మోగడానికి ఎంతోసేపు పట్టలేదు. కుక్కల మేత ఆయన అన్న మాటలు నేను రాయను. కళ్ళజోళ్ళ ఆయన మాట్లాడకుండా పెట్టేశాడు, అదే ఎక్కువ గుచ్చుకుంది. బొమ్మల షాపు ఆవిడ మాత్రం, "ఆర్డర్లు వచ్చాయి, తరవాత తిట్టుకుందాం" అని హడావుడిగా పెట్టేసింది. ప్రెసిడెంటు ఫోన్ వదినే ఎత్తింది.

"ఇదేంటమ్మా ఈ రాత?"

"నేనే రాశానండీ. తీసేయాలంటే మీ ఆర్డర్లు కూడా పోతాయన్నారు. అందుకని వచ్చింది."

సోమవారానికి బజారులో ముప్పాతిక భాగం వెళ్ళిపోయింది. ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాస్‌వర్డులు అప్పజెప్పింది, ఎవరినీ బతిమాలలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ నిజాయితీకి నా జీతం కూడా పోతోంది మరి. మూడు రోజులు మేం మాట్లాడుకోలేదు. నేను కప్పు కడిగితే ఆవిడ మళ్ళీ కడగలేదు కూడా.

నాలుగో రోజు ప్రెసిడెంటు తన దుకాణం సైటు సరంజామా కాపీ చేసుకోవడానికి వచ్చాడు. వెంట అన్నయ్య. విడిపోయాక ఆయన ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. గోడలు, ఫ్యాను, నేల అన్నీ కొనడానికి వచ్చినవాడిలా చూశాడు.

"చెల్లెమ్మా, నువ్వు మా ఆఫీసుకి వచ్చెయ్యి. నీలాంటి నెమ్మదస్తురాలు కావాలి మాకు" అన్నాడు నాతో.

వదిన తల ఎత్తకుండా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తోంది.

"ప్రెసిడెంటు గారు చెప్పారులే, ఆ క్యూ సంగతి" అని ఆయన నవ్వాడు. "ఇంత చదువూ చదివి ఏం లాభం. చెరిపేయమంటే పోయేది కదా. అందులో ఏముందో ఎవరికి తెలుస్తుంది?"

అచ్చం నేనన్న మాటే. అక్షరం తేడా లేదు. వదిన ఇప్పుడు నా వైపు చూస్తుందని ఎదురుచూశాను. చూడలేదు. చూసినా బాగుండేది.

ప్రెసిడెంటు పెన్‌డ్రైవ్ అందుకుని జేబులో వేసుకోబోతూ ఆగాడు. అన్నయ్య వైపు తిరిగాడు.

"పక్క ఊళ్ళో మా అల్లుడి పరుపుల షాపు ఎప్పట్నుంచో నీ దగ్గరే ఉంది కదా బాబూ."

"అవునండీ. ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదు."

"పోయిన ఏడాది ఒక వారం ఆర్డర్లే రాలేదని వాడు తెగ గింజుకున్నాడు. బేరాలు లేవేమోలే అని నేనే సర్దిచెప్పాను. అప్పుడు మీ సర్వరు బాగానే ఉందా?"

అన్నయ్య నీళ్ళు నమిలాడు. "అప్పుడేదో చిన్న అప్‌డేట్... గుర్తులేదండీ. చూసి చెప్తాను."

"దాని క్యూ ఏం చేశావు?"

అన్నయ్య ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. ప్రెసిడెంటు ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాడు. పెన్‌డ్రైవ్ ఇంకా ప్రెసిడెంటు వేళ్ళ మధ్యే ఉంది.

వదిన కుర్చీలోంచి లేచి తలుపు బార్లా తీసింది. "ఆ లెక్క కిందికి వెళ్ళి తేల్చుకోండి. ఇక్కడ మాకు పనుంది" అంది ఇద్దరితోనూ.

వాళ్ళు వెళ్ళాక నేను కిటికీ తెరిచాను. ఆవిడ మూయలేదు. ఆ రోజు మాకు చేయడానికి పనేమీ లేదు.