మోర్ అంటే మజ్జిగ

నా చిన్నప్పుడు నేను మొదట నేర్చుకున్న ఇంగ్లీషు మాట అసలు ఇంగ్లీషే కాదు. అది మా అవ్వ మాట. మా అమ్మను కన్న ఆ అవ్వ రామకుప్పం దగ్గరి ఒక పల్లెలో ఉండేది. ఆమె పుట్టిల్లు సరిహద్దుకు అవతల, అరవం మాట్లాడే ఊరు. పెళ్ళై వచ్చి తల నెరిసిపోయినా ఆమె మజ్జిగను మజ్జిగ అనలేదు, మోరు అనే అంది. నేను అక్కడ ఉన్న రోజుల్లో తెల్లవారుతూనే ఆమె కవ్వం చప్పుడు వినిపించేది. ఆ చప్పుడులోనే మళ్ళీ నిద్రపట్టేది. సగం నిద్రలో నాకు మోరు అనే మాట తెల్లగా, చల్లగా కనిపించేది కూడా.

అవ్వ వాళ్ళ పక్క పల్లెల్లో నాటకాలు ఆడేవాళ్ళు. రాజు వేషం కట్టినాయన పద్యం ముగించగానే జనం ‘వన్స్ మోర్’ అని కేకలు పెట్టేవాళ్ళు. గొంతు ఎండిపోయిన మనిషికి మజ్జిగ ఇమ్మని అందరూ అడుగుతున్నారని, ఎవరూ తెచ్చివ్వకపోగా మళ్ళీ అదే పద్యం పాడిస్తున్నారని నాకు ఎంత జాలిగా ఉండేదో చెప్పలేను. ఒకసారి మా అవ్వ కొంగు పట్టి లాగి, మన ఇంటినుంచి ఒక చెంబుడు తెచ్చిద్దామని కూడా అడిగాను.

మేముండేది పుంగనూరులో. మా నాయన కట్టెల మండీలో కూలి. మా ఇంట్లో అప్పటిదాకా బడి మెట్లు ఎక్కినవాళ్ళు లేరు. నన్ను ఎట్లాగైనా చదివించాలని ఆయన పట్టుబట్టి మదనపల్లెలో మిషన్ బడి హాస్టల్లో చేర్చాడు. చేర్చే ముందు అవ్వను చూడడానికి తీసుకెళ్ళాడు. నాకు చిన్నప్పటినుంచీ దగ్గు. మదనపల్లె చలికి అది ముదురుతుందని అవ్వకు బెంగ. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది.

“ఆడ ఎవురన్నా మోరు అంటే వద్దనాల పాపా. నా మీద ఒట్టు.”

ఒట్టు తప్పితే ఎవరిమీద ఒట్టు పెట్టుకున్నామో వాళ్ళు చచ్చిపోతారని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. కాబట్టి ఆ రోజునుంచి అవ్వ ప్రాణం నా నాలుకమీద ఉంది.

హాస్టల్లో భోజనాల దగ్గర ఇంగ్లీషులోనే మాట్లాడాలని ఒక నియమం. మా వార్డెనమ్మ పొడుగ్గా, తెల్లచీర కట్టుకుని, నవ్వకుండానే దయగా కనిపించే మనిషి. అన్నం బేసిన పట్టుకుని వరసలో నడుస్తూ ఒక్కొక్కరి ముందు ఆగి ‘మోర్?’ అని అడిగేది. వద్దనేవాళ్ళు పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టి ‘నో మోర్’ అనాలి. బేసినలో ఉన్నది అన్నమే అని నాకూ కనిపిస్తూనే ఉంది. వెనకాల మజ్జిగ బకెట్టు వస్తుందేమో, ఎంతమందికి కావాలో ముందే అడిగి పెట్టుకుంటున్నారేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని అందరికంటే ముందు నేనే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

మొదట పెట్టిన ముద్దతోనే లేచిపోయేదాన్ని. ఆకలికి రాత్రిళ్ళు నీళ్ళు తాగి పడుకునేదాన్ని. మొహం పీక్కుపోయింది. ఇంటిమీద బెంగ పెట్టుకున్నానని వార్డెనమ్మ అనుకుంది. ఒకరోజు పిలిచి, ఇట్లాగే తిండి మానితే మీ నాయనను పిలిపించి ఇంటికి పంపించేస్తానని చెప్పింది. కట్టెల మండీలో నాయన వీపు గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ ఒట్టు సంగతంతా బయటపెట్టేశాను.

వేరొకరైతే పగలబడి నవ్వేవాళ్ళే. ఆమె నవ్వలేదు. నా పక్కనే బెంచీ మీద కూర్చుంది.

“మోర్ అంటే వస్తువు గాదు పాపా. దానికంటూ సొంతంగా ఏమీ లేదు. నీ పళ్ళెంలో ఏముంటే దానికే ఇంకొంచెం అని.”

మనం ఇంకా అనేదానికి, ఎక్కువ అనేదానికి, మరి కాస్త అనేదానికి వాళ్ళు ఈ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారని చెప్పింది. నాటకంలో వన్స్ మోర్ అంటే ఇంకొక్కసారి పాడమనేనట. అవ్వ వద్దన్నది మజ్జిగనే గానీ అన్నాన్ని కాదని నాకు నచ్చజెప్పింది. ఆ రాత్రి ఆమె ‘మోర్?’ అని అడిగినప్పుడు చెయ్యి అడ్డం పెట్టకుండా ‘మోర్’ అన్నాను. వేడి అన్నం పడింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ పడింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆ మాటలోనే బతికాను. పొద్దున్నే లేచి చూస్తే హార్సిలీ కొండ మంచులో సగం కరిగిపోయి ఉండేది. కిటికీ దగ్గర నిలబడి ‘మోర్’ అని గొణిగితే మిగిలిన సగం కూడా కనిపించకుండా పోయేది. వాన చినుకులు పడుతుంటే మోర్, కుళాయి దగ్గర ఎండ పడితే మోర్. అన్నీ నా మాట వింటున్నట్టే ఉండేవి. అంత సుఖమైన రోజులు నాకు మళ్ళీ ఎక్కువ రాలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక కుళాయి దగ్గర పళ్ళెం కడుక్కుంటున్నాను. బడి గుమాస్తా వచ్చి వరండాలో వార్డెనమ్మతో మెల్లగా మాట్లాడాడు. మా నాయన బస్సులో వస్తున్నాడని, ఫోను చేయించాడని చెప్పాడు. నాకు తెలియకూడదని అసలు మాట ఒక్కటీ ఇంగ్లీషులో అన్నాడు.

“ఆ పాప వాళ్ళవ్వ నో మోర్ అంటమ్మా.”

పాపం, ఆయన ఎన్నుకుని మరీ నాకు బాగా తెలిసిన ఆ ఒక్క మాటే అన్నాడు. పళ్ళెం జారిపోయింది. ఆ మాటకు చావు అనే అర్థం ఉందని నాకు తెలియదు. అవ్వ, మోర్, రెండూ ఒకే మాటలో కలిసి వినిపించాయి. అంతే చాలు. ఒట్టు తగిలిందని అర్థమైపోయింది. పరుగెత్తి వంటింటి వెనక కట్టెల చాటున దాక్కున్నాను.

వార్డెనమ్మ వెతుక్కుంటూ వచ్చింది. “నేను మోర్ అన్నానమ్మా, మా అవ్వ నావల్ల సచ్చిపోయిందా?” అని అడిగాను.

ఆమె ఒట్లూ గిట్లూ నమ్మకూడదని మందలించలేదు. నా చెయ్యి పట్టుకుని ఖాళీగా ఉన్న భోజనాల గదిలోకి తీసుకెళ్ళింది. ఒక పళ్ళెం ముందు పెట్టుకుని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, వడ్డించమంది. నాకేమీ అర్థం కాలేదు. చల్లారిన అన్నం పెట్టి, పప్పు పోశాను. ఆమె నెమ్మదిగా తిని తలెత్తింది. ‘మోర్?’ అని అడగాల్సింది నేనేనని కళ్ళతోనే చెప్పింది. ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో. అడిగాను. పెట్టమంది. పెట్టాను. మళ్ళీ అడిగాను, మళ్ళీ పెట్టమంది. కిటికీలోంచి ఎండ జరిగి జరిగి ఆమె పళ్ళెం అంచుకు వచ్చింది. చివరికి అరచెయ్యి అడ్డం పెట్టి నో మోర్ అంది.

“నేను యాల వద్దన్నాను, చెప్పు?”

కడుపు నిండిందన్నాను.

“నువ్వు మోర్ అని అడిగినందుకా వద్దన్నాను?”

కాదని తల ఊపాను.

“మీ అవ్వ గూడా అట్లనే సెయ్యి అడ్డం పెట్టింది పాపా. పెద్దామె. ఇంక సాలనుకునింది. నీ మాటకు గాదు.”

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. అంతకుముందుదంతా భయమే. ఆమె ఎడమచేత్తో నన్ను దగ్గరికి తీసుకుంది. కుడిచెయ్యి మాత్రం పళ్ళెం మీదనుంచి తియ్యలేదు. ఆ మధ్యాహ్నం ఆమె మాతోబాటే కూర్చుని కడుపునిండా భోంచేసిందన్న సంగతి పెద్దదాన్నయ్యాక ఎప్పుడో తోచింది. నాకోసం ఆమె ఆకలి లేకుండా రెండోసారి తింది.

నాయనతో బస్సులో పుంగనూరు దాటి అవ్వ ఊరికి ఎట్లా వెళ్ళానో సరిగ్గా గుర్తులేదు. ఆయన ఒళ్ళో నిద్రపోతూ, లేస్తూ ఉన్నాను. లేచినప్పుడల్లా బయట చేలు వెనక్కి పోతున్నాయి. నిద్రలో కవ్వం చప్పుడు వినిపించింది. ఇంటికి చేరేసరికి అవ్వ మజ్జిగ కుండ ఎవరో కడిగి గోడవార బోర్లించి ఉంచారు. దాన్ని చూసి నాకు భయం వెయ్యలేదు, దుఃఖం మాత్రమే వచ్చింది. ఆ తేడా నాకు ఇచ్చింది వార్డెనమ్మే.

తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. మా చుట్టాలలో నాకు పిసినారి అని పేరు. భోజనానికి వచ్చినవాళ్ళు వద్దని చెయ్యి అడ్డం పెడితే నేను బలవంతం చెయ్యను. ఇంకొక్క ముద్ద, నామీద ఒట్టు, అని వేళ్ళ సందుల్లోంచి వడ్డించడం నాకు చేతకాదు. ‘మోర్?’ అని ఒక్కసారి అడిగి గరిటె వెనక్కి తీసుకుంటాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు.

పోయినేడాది మా నాయన మంచం పట్టాడు. అన్నం మానేశాడు, పాలు మానేశాడు. ఒక పొద్దున నేను రాగిగంజి పట్టిస్తున్నాను. రెండు చెంచాలు మింగి, నెమ్మదిగా చెయ్యెత్తి గిన్నెమీద అడ్డం పెట్టాడు. కట్టెలు మోసి మోసి కాయలు కాసిన చెయ్యి. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకొంచెం, ఇంకొక్క చెంచా అని బతిమాలుతున్నారు. నేను గిన్నె పక్కన పెట్టేసి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ఆయన దగ్గరే కూర్చున్నాను.