తోటికోడలి కార్డు

2023 వానాకాలం. హాలహర్వి మండలంలోని ఒక ఊరి ఆరోగ్య కేంద్రానికి నేను నర్సుగా బదిలీ అయి వచ్చి నెల కూడా కాలేదు. అక్కడ డాక్టరు ఉండరు. ఉన్నది టెలీకన్సల్టేషన్. అంటే ట్యాబ్‌లో వీడియో కాల్ కలిపితే, ఎక్కడో ఉన్న డాక్టరు రోగిని చూసి వైద్యం చెబుతారు. హెల్త్ కార్డు నంబరు కొడితే పాత చికిత్సలన్నీ వాళ్లకు కనిపిస్తాయి.

ఆ ఉదయం ఇద్దరు తోటికోడళ్లు వచ్చారు. ఒకామె పొత్తికడుపు పట్టుకుని వంగిపోయింది, రెండో ఆమె నడిపించుకొచ్చింది. రోగిదని ఇచ్చిన కార్డు మీద పేరు ఉరుకుందమ్మ. ఫోటో అరిగిపోయి ఉంది.

డాక్టరమ్మ తెరమీద చదివి, "మూడేళ్ల కిందట గర్భసంచి తీసేశారు కదా?" అంది. రోగి తోటికోడలి వైపు చూసి తలూపింది.

"అయితే కిడ్నీలో రాయి కావచ్చు. బీపీ చూసి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, రేపు స్కానింగ్‌కు పంపండి."

బీపీ బాగా పడిపోయింది. ఒళ్లు చల్లగా ఉంది. కడుపు మీద చెయ్యి వేస్తే కుట్ల గుర్తే లేదు. ఈమె ఆ కార్డు మనిషి కాదు.

"నీ పేరేందమ్మా? నిజం చెప్పు."

నడిపించుకొచ్చినామె భోరుమంది. "ఉరుకుందమ్మ నేను మేడమ్. ఇది రేణుక, పక్క రాష్ట్రంలోని సిరుగుప్ప కాడినుంచి మా మరిదికి సేసుకొచ్చినాం. ఈడ దీనికింకా కార్డు రాలేదు. ఈడ రాసిన పేరుతోనే ఆదోని పెద్దాసుపత్రిలో ఉత్తగా ఆపరేషన్ సేస్తారని నా కార్డు తెచ్చినా. బయటికి సెప్పొద్దు మేడమ్, కార్డు పీకేస్తారు, జైల్లో ఏస్తారు!"

రేణుక పెదాలు తెల్లబడ్డాయి. "నెల తప్పిందక్కా," అంది నాతో, వినీవినపడనట్టు.

డాక్టరమ్మ ఇంకా లైన్లోనే ఉంది. ఆమె గొంతు మారిపోయింది. "ఎక్టోపిక్ అయ్యుంటుంది. గర్భం ట్యూబులో నిలిచి పగిలితే లోపలే రక్తం పోతుంది. వెంటనే అంబులెన్స్ పిలవండి!"

ఆదోని దాకా సెలైన్ పట్టుకుని కూర్చున్నాను. రేణుక కళ్లు మూతపడినప్పుడల్లా పేరు పెట్టి పిలిచాను. ఉరుకుందమ్మ కార్డును రవికలో దాచుకుని, "ఆడ అడిగితే ఏం సెప్పాల మేడమ్?" అని అదే మాట.

ప్రభుత్వాసుపత్రిలో రేణుకను నేరుగా థియేటర్‌లోకి తీసుకెళ్లారు. కార్డు ఎవరూ అడగలేదు. ప్రాణం దక్కిందని డాక్టరు బయటికొచ్చి చెప్పినప్పుడు ఉరుకుందమ్మ గోడకు జారగిలబడిపోయింది. "అడగనే లేదే మేడమ్! ఉత్తపుణ్యానికి సంపుకునేదాన్ని గదా."

ఇప్పుడు ట్యాబ్ తెరిచే ముందు వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోమంటాను. "కార్డు ఎవరిదైనా కానీ, ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారమ్మా?" అని అడుగుతాను. చాలామంది వెంటనే చెప్పేస్తారు. ఎవరైనా జవాబుకు తడుముకుంటే మాత్రం, ట్యాబ్ పక్కన పెట్టి ముందు బీపీ చూస్తాను.