గడప దాటకూడని కంపు

పెట్రోలు బంకు మూతపడి పదేళ్లయింది. మూసినవాళ్లు నేలలోని ట్యాంకును మాత్రం అలాగే వదిలేసి చక్కా పోయారు. అది తుప్పుపట్టి, చిల్లులు పడి, చుట్టుపక్కల ఇళ్ల వెనకాల మట్టంతా జిడ్డోడుతోంది. ఛీ, ఏం మనుషులో!

ఆ మట్టిని తవ్వి తీసే కూలీల్లో ముక్కు మామ ఒకడు. పలుగు దిగిన ప్రతిచోటా గుప్పెడు మట్టి తీసి వాసన చూస్తాడు. "ఇంకా ఉంది" అంటే తవ్వాల్సిందే, "చాలు" అంటే ఆపాల్సిందే. చేతిలో వాసన కొలిచే మిషన్ ఉన్న ఇంజనీరు కూడా ముందు ఆయన ముఖమే చూస్తాడు. అందుకే ఆ పేరు.

సాయంత్రానికి తన ఒళ్లంటే తనకే రోత పుట్టేది. పెరటి గుమ్మం దగ్గరే బట్టలు విప్పి విడి బకెట్లో పడేసి, తోలు ఊడొచ్చేలా రుద్దుకునేవాడు. ఆ తర్వాతే నాలుగేళ్ల కూతుర్ని దగ్గరకు రానిచ్చేది. ఈ దరిద్రం గడప దాటకూడదు, అదొక్కటే ఆయన పంతం. ఎంత రుద్దినా కంపు పూర్తిగా వదిలేది కాదనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి పెరట్లో నీళ్లు నిలిచే గుంట పూడిపోయి ఉంది. పైన నల్లమట్టి. అందులో కూతురు చతికిలబడి, మోచేతుల దాకా పూసుకుని, ముద్దలు చేస్తోంది.

"ఎక్కడిదే ఇది?"

"లారీ ఆయన ఊరికే పోసి వెళ్లాడండీ. మొక్కలకు మంచి బలమట!" అంది భార్య సంబరంగా.

ఆ నల్లటి జిడ్డు చూడగానే అది తాము తవ్విన మట్టేనని మామ పోల్చుకున్నాడు. తాము లారీకెత్తిన మట్టి దూరాన శుద్ధిచేసే చోటికి పోతోందనుకున్నాడు. అంత దూరం పోవడానికి బద్ధకించి, ఆ త్రాష్టుడు దారిలో కనిపించిన గుంటలోనల్లా పోసి పోతున్నాడన్నమాట! పిల్లను ఎత్తుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయాడు.

"ముందు దాన్ని తీసుకెళ్లి సబ్బుతో కడుగు!" అని అరిచి, ఒళ్లయినా కడుక్కోకుండా పార అందుకున్నాడు.

నల్లమట్టంతా ఎత్తిపోశాక అడుగున ఎర్రమట్టి తగిలింది. గుప్పెడు తీసి వాసన చూశాడు. కొడుతోంది. ఇంకో జానెడు తవ్వాడు. ఇంకా కొడుతోంది. నడుంలోతు దిగాక అనుమానమొచ్చి ఉత్త అరచెయ్యి వాసన చూసుకున్నాడు. అదే కంపు! మట్టిదో తనదో తేల్చుకోలేకపోయాడు. అంత పేరుమోసిన ముక్కూ సొంత పెరట్లో ఎందుకూ కొరగాకుండా పోయింది.

"దించేటప్పుడైనా నీకు కంపు తెలియలేదటే?" అన్నాడు, పిల్లను కడిగి వచ్చిన భార్య వైపు గుంటలోంచి చూస్తూ.

ఆమె ముఖం పాలిపోయింది.

"తెలిసిందండీ. రోజూ మీ దగ్గర వచ్చేదే కదా అని ఊరుకున్నాను. పిల్ల కూడా... నాన్న వాసన వస్తోందంటూనే అందులోకి దిగింది."