అంద్రెయ అన్నయ్య కట్టిన బాక్సు

జయశీలక్క ఆ రోజు డ్యూటీకి వస్తూనే నా మీద విరుచుకుపడింది. నేను చేసిన పాపమల్లా, "ఏంటక్కా, మొహం అలా ఉంది?" అని అడగడమే.

"నోర్మూసుకుని నీ పని చూసుకోవే పెర్సిస్!" అంది.

నాకూ నోటి దురుసు తక్కువేం కాదు. ఇంకెవరన్నా అయితే అక్కడికక్కడే కడిగేసేదాన్ని. అక్క కళ్ళు ఎర్రగా ఉండటం చూసి ఊరుకున్నాను.

మేమిద్దరం దక్షిణ ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సులం. ఇద్దరిదీ నరసాపురం వైపే. వయసులో ఆమె నాకంటే బాగా పెద్ద. నన్ను ఈ ఊరు రప్పించి, ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆమే. కాపురం ఫరీదాబాద్‌లో. భర్త అంద్రెయ అన్నయ్య అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. క్రిస్మస్‌కి ముందు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పట్నుంచీ మనిషి మంచం దిగితే ఒట్టు. జ్వరమా, నొప్పా అంటే ఏమీ లేదు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. పెడితే తింటాడు, లేకపోతే లేదు. ఫోన్ మోగినా ఎత్తడు. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే ఆమెన్ అనేసి మళ్ళీ గోడవైపు తిరిగాడట. డాక్టరుకి చూపిద్దామంటే, "నాకేం పిచ్చా?" అని కసిరాడట.

మా క్రైస్తవుల్లో ఈస్టర్‌కి ముందొచ్చే లెంటు రోజుల్లో శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉంటారు. నేనూ ఉంటాను, మధ్యలో రెండు టీలు తాగేసి. అక్క అలాంటిది కాదు. ఈ ఏడాది ఆ శుక్రవారాలన్నీ సాయంత్రం ప్రార్థన కూటం ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళతోనే డ్యూటీ చేసింది. దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఆయన లేచి నాలుగడుగులు బయటికి వేయాలని. ఆ సంగతి ఆయనకి మాత్రం చెప్పలేదు. "నావల్లే ఇది కడుపు మాడ్చుకుంటోందని ఇంకా కుంగిపోతాడే" అంది.

ఈస్టర్ వెళ్ళింది. ఆ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారమే ఇది.

డాక్టర్ల రౌండ్లు అయ్యాక అక్క తనంతట తనే నా దగ్గరికొచ్చింది. "పొద్దున లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోందే. చూస్తే ఆయన వంకాయలు తరుగుతున్నాడు. నువ్వు స్నానానికెళ్ళు, బాక్సు నేను కడతానన్నాడు. ఎండురొయ్యలేసి వండాడు, ఇల్లంతా ఘుమఘుమ. నేనేమో బ్యాగు తగిలించుకుని చక్కా వచ్చేశా."

"బాక్సు?"

"బల్ల మీదే ఉంది! శుక్రవారం బాక్సు లేకుండా రావడం అలవాటైపోయింది కదే. దారిలో బదర్‌పూర్ దాటాక గుర్తొచ్చింది. వెనక్కెళ్దామంటే నైట్ డ్యూటీ అమ్మాయి నాకోసం కాచుక్కూర్చుని ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తడు."

"పోనీలే అక్కా, ఒక్క బాక్సుకి ఇంత..." అని నోరు జారాను.

"నీకేం, ఎన్నయినా చెప్తావు! తను వండింది కూడా నాకు అక్కర్లేదనుకోడూ? ఇన్నాళ్ళకి లేచిన మనిషి మళ్ళీ ఆ గోడవైపు తిరిగితే, ఈసారి నేను లేపలేనే" అంది.

నాకు సిగ్గేసింది. మధ్యాహ్నం నా పెరుగన్నం సగం ఆమె ముందుకి తోశాను. పంజాబీ సిస్టర్ పరాఠా పెట్టింది. అక్క దేన్నీ ముట్టుకోలేదు. ఏ పేషెంటుకి ఏ మందు ఎప్పుడివ్వాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, "నా బుర్రకేమొచ్చింది?" అని తనని తనే తిట్టుకుంటూ కూర్చుంది. ఉపవాసం ఉన్న రోజుల్లో ఆమె మొహం ఎంత ప్రశాంతంగా ఉండేదో నాకు తెలుసు. ఆకలి అదే, కానీ అప్పుడు దాన్ని దేవుడికి అప్పజెప్పేది, ఈ రోజు ఎవరికి అప్పజెప్పుకోవాలో ఆమెకి తెలియలేదు.

భోజనాల వేళ అయిపోతుండగా గేటు దగ్గర గార్డు ఫోన్ చేశాడు. "సిస్టర్‌జీ, జయశీల సిస్టర్ కోసం ఫరీదాబాద్ నుంచి ఎవరో వచ్చారు" అన్నాడు హిందీలో. అక్క లిఫ్టు కోసం కూడా ఆగలేదు. ఆమె వెనక నేనూ మెట్లు దిగి పరిగెత్తాను.

పేషెంట్ల తాలూకు జనం మధ్యలో అంద్రెయ అన్నయ్య నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, చుబుకం మీద చిన్న గాటు. ఏప్రిల్ ఎండకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో బాక్సు.

"మర్చిపోయావా, వద్దనుకుని వదిలేశావా? అది అడుగుదామనే వచ్చా" అన్నాడు. నేనుండబట్టలేకపోయాను.

"వద్దనుకోవడమేంటన్నయ్యా! లెంటు శుక్రవారాలన్నీ మీరు మంచం దిగాలని ఉపవాసం ఉంది. ఆ అలవాటులో బాక్సు మర్చిపోయింది."

అక్క నన్ను కొరకొరా చూసింది. చూస్తే చూసింది, చెప్పాల్సింది చెప్పాను.

అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. "కడుపు మాడ్చుకుని ఆ ఐసీయూలో నిలబడ్డావా? నాకోసమా?" అన్నాడు మెల్లగా. తర్వాత గోడ వారనున్న అరుగు మీద ఆమెని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, బాక్సు మూత తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

అక్కకి అబద్ధం చేతకాదు. "ఉప్పు వెయ్యలేదండీ."

ఆయన ఓ వంకాయ ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. "అవును, చప్పగా ఏడిసింది. రేపు వేస్తాలే" అన్నాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ మనిషి నోట రేపు అనే మాట రావడం అదే మొదలు. అక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. యూనిఫాంలో ఉన్నానని గానీ, అందరూ చూస్తున్నారని గానీ లేకుండా భోరున ఏడ్చేసింది.

గార్డు కంగారుగా నా దగ్గరికొచ్చి, "ఎవరన్నా పోయారా సిస్టర్‌జీ?" అని హిందీలో గుసగుసగా అడిగాడు.

"నహీ భయ్యా, ఎవరూ పోలేదు" అన్నాను, నేనూ కళ్ళు తుడుచుకుంటూ.