హారిక విమానంతో ఉయ్యూరు నుంచి గన్నవరం దాకా

మా అమ్మాయి హారిక పోయి ఏడాది దాటింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా విషజ్వరం వచ్చింది. తను చేసిన ప్రాజెక్టు ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగు ముక్కలు జోడిస్తే మనిషి పొడవయ్యే అయస్కాంతాల పట్టాలు, వాటి మీద తేలే చిన్న పీట, పీట మీద చక్రాల్లేని థర్మాకోల్ విమానం. గన్నవరం దగ్గర కాలేజీ నుంచి తన మాస్టారు ఫోన్ చేసి, "జూనియర్లు ఆ పని పూర్తి చేస్తామంటున్నారమ్మా, ఇస్తారా?" అని అడిగారు. "ఇవ్వనండి. చూపించి తెచ్చేసుకుంటాను" అన్నాను. అలా అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుకుని బయలుదేరాను.

ఉయ్యూరులో ఎనిమిదింటికి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. చెరుకు, వరి చూసుకుంటూ కంకిపాడు మీదుగా బెజవాడ బస్టాండుకి గంటకు పైనే పట్టింది. అక్కడ బస్సు మారి పదిన్నరకు గన్నవరంలో దిగాను. కాలేజీకి ఆటో డెబ్బై రూపాయలన్నాడు.

"ఏంటమ్మా పెట్టెలో, టీవీయా?"

"విమానం బాబూ."

"ఎయిర్‌పోర్టు ఇటు కాదు కదమ్మా" అని నవ్వాడు. "మా ఆటో విమానం ఎక్కించుకోవడం ఇదే మొదలు. అరవై ఇవ్వండి చాలు."

ల్యాబులో మాస్టారు, నలుగురు పిల్లలు కలిసి పట్టాలు బిగించారు. అయస్కాంతాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల పీట పట్టాలకు తగలకుండా రూపాయి బిళ్ళ మందమంత ఎత్తున తేలుతుంది. కరెంటు ఇస్తే ముందుకు దూసుకుపోతుంది. చివర్లో విమానం లేస్తుంది, పీట కిందే ఉంటుంది. చక్రాల బరువు పైకి మోయక్కర్లేదని, పొట్టి రన్‌వే అయినా చాలని హారిక నేను కూరలు తరుగుతుంటే చెప్పేది.

స్విచ్ వేశారు. పీట జానెడు వెళ్లి ఆగిపోయింది. మళ్లీ వేశారు, మళ్లీ ఆగింది. మాస్టారు వంగి చూసి, కళ్లజోడు తుడుచుకున్నారు. శిరీష అనే విద్యార్థినే అడిగింది.

"ఏమనుకోకండి ఆంటీ, పట్టాల మీద ఇది పసుపాండీ?"

పసుపే. ప్రతి శుక్రవారం, కొత్త బండికి పెట్టినట్టు, పట్టాలకు వరసగా పసుపు, కుంకుమ పెట్టేదాన్ని. ఏడాది బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండి పెచ్చు కట్టాయి. పీట వాటికే తగిలి ఆగుతోంది.

"ఉంచేయండమ్మా, మేం వేరే పట్టాలు చేసుకుంటాం" అన్నారు మాస్టారు.

"గుడ్డ తడిపి ఇవ్వు తల్లీ" అన్నాను శిరీషతో. నేనే తుడిచాను. రానిచోట గోటితో గీకాను.

ఈసారి పీట ఆగలేదు, చప్పుడు కూడా లేదు. విమానం లేచి, ఎదురుగా పిల్లలు పట్టుకున్న దుప్పట్లో పడింది.

"ఎగరడం అయిందాంటీ. దిగడం ఒక్కటే హారికక్క చెయ్యకుండా మిగిలిపోయింది" అంది శిరీష. "పరిగెత్తే పీట మీద సరిగ్గా వాలాలి. ఇది మా దగ్గరుంటే చేస్తాం. కానీ చాలాసార్లు పడుద్ది. విరుగుద్ది కూడా."

దాచకుండా చెప్పింది పిల్ల. "విరిగితే అతికించుకోండి" అన్నాను. పెట్టె కూడా అక్కడే వదిలేశాను.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది, కంకిపాడు దాటాక తగ్గింది. హారిక వస్తువును భద్రంగా చూసుకుంటున్నాననే అనుకున్నాను. నా భద్రమే దాన్ని కదలనివ్వలేదు. తను దాన్ని చేసింది ఎగరడానికి కదా. మీరెవరైనా ఇలాంటి సామాను తీసుకెళ్తే అయస్కాంతాల మధ్య చెక్కముక్కలు పెట్టి విడివిడిగా కట్టండి, బ్యాంకు కార్డు ఆ పెట్టెలో వేయకండి, అయస్కాంతాలకు పాడవుతుంది. బొట్టు పెట్టాలనిపిస్తే అట్టపెట్టెకు పెట్టండి.