గోవిందమ్మ హోటల్లో ఆ ఎపిసోడ్

జమ్మలమడుగు బస్టాండు దగ్గర గోవిందమ్మ హోటలు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. గోవిందమ్మ ఎప్పుడు ఎక్కడికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆమె హోటలు పక్కనే నా జిరాక్సు షాపు. ఇన్నేళ్ళుగా పక్కపక్కనే ఉన్నాం కదా, ఒక్కసారైనా "రేపు ప్రొద్దుటూరు పోతాండా" అని నాతో అన్న పాపాన పోలేదు. సోమవారం పోతానని చెప్పి ఆదివారమే పోయి వచ్చేస్తుంది. కొత్త బండి ఏదైనా హోటలు ముందు ఆగిందంటే, దిగినవాడు టీ తాగి వెళ్ళేదాకా ఆమె చెయ్యి గరిటె మీద, కన్ను వాడి మీద. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. చిల్లర లెక్కపెట్టుకుంటూ నా మొహంలోకి అట్లా చూస్తుందేమిటి, నేనేమైనా దొంగనా అనుకునేవాణ్ణి.

సంగతి తెలిశాక ఆ కోపం పోయింది. ఆమె పుట్టిల్లు పులివెందుల పక్కన లింగాల. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో నారాయణకు ఇచ్చి చేశారు. భూమి తగాదా ఒకటి ముదిరి ఊరు రెండుగా చీలింది, ఒక పక్షానికి నారాయణే పెద్ద. ఆ రోజుల్ని సినిమావాళ్ళు తెగ వాడుకున్నారు. మా కడప జిల్లా పేరు చెప్పి జీపులు గాల్లోకి లేపారు, కోస్తావాళ్ళు కూర్చుని ఈలలు వేశారు. ఆ జీపులో ఉన్నవాడి పెళ్ళాం మర్నాటి నుంచి ఎట్లా బతికిందో ఒక్కడూ సినిమా తియ్యలేదు.

నారాయణ ఆ కేసు వాయిదాకు ప్రొద్దుటూరు కోర్టుకు పోవాలంటే రెండు దారులు. ఒకటి పెద్ద రోడ్డు. రెండోది పెన్న ఒడ్డున చుట్టు తిరిగి పోయే బండ్ల బాట. ఏ దారిన పోయేదీ జీపు కదిలాక గానీ డ్రైవరుకు కూడా చెప్పేవాడు కాదు. అయినా ఒక తెల్లవారుజామున ఏటి బాటలోనే కాపు కాసి బాంబులు వేశారు. జీపు కాలిపోయింది. నారాయణా మిగల్లేదు, డ్రైవరూ మిగల్లేదు. వేసినవాళ్ళు జైలుకు పోయారు, తిరిగొచ్చారు, కొందరు ముసలితనంతో పోయారు కూడా. దారి తెలిపినవాడు ఎవడో మాత్రం బయటపడలేదు. గోవిందమ్మకు కావలసింది ఆ ఒక్క పేరు. దాని కోసం సొంత మరిదిని అనుమానించింది, పాలేరును అనుమానించింది, పాలు పోసేవాణ్ణి అనుమానించింది.

అనుమానించనిది అదే పల్లెలో చీనీ బత్తాయి తోట ఉన్న రాజశేఖర్‌నొక్కణ్ణే. నారాయణ ఆయన్ని బావా అనేవాడు, కాబట్టి గోవిందమ్మకు అన్న. ఆ రోజు ఆయన జ్వరంతో ప్రొద్దుటూరులో చెల్లెలింట్లో పడి ఉన్నాడు. తేరుకుని వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చాడట. ఈ హోటలుకు చోటు చూసిపెట్టిందీ, పెద్ద దిక్కుగా నిలబడిందీ ఆయనే. అప్పటి నుంచీ సాయంత్రమైతే ఆయన ఉగ్గాని, బజ్జీ ఇక్కడే. ఆయన ప్లేటులో మాత్రం ఆమె చిన్నబిడ్డకు పెట్టినట్టు కొసరి పెట్టేది.

ఈ మధ్య హోటల్లో టీవీ పెట్టాక సాయంత్రాలు ఒక సీరియల్‌కు జనం చేరుతున్నారు. ఉగ్రవాదుల్ని పట్టుకునే పోలీసు దళం కథ, హిందీ నుంచి తెలుగులోకి మార్చింది. మొన్నటి ఎపిసోడ్‌లో దళం పెద్దను రహస్యంగా ఒక చోటికి తరలించాలి. మూడు దారులుంటే ఏ దారో చివరి నిమిషంలో తేల్చుకున్నారు. అయినా ఉగ్రవాదులు సరిగ్గా ఆ దారిలోనే కాచుకుని ఉన్నారు. చెప్పిందెవరో చూపించకుండా ఆపేశారు. గోవిందమ్మ బజ్జీలు మాడిపోతున్నా టీవీ వైపే చూస్తూ నిలబడిపోయింది.

సెల్‌ఫోన్లు బాగుచేసే అన్సర్ మొదలుపెట్టాడు. "ఏముంది, టవరు పట్టుకోని కనుక్కున్యారు."

"ఆ టీలు తెచ్చే కానిస్టేబులు మీద నాకు డౌటు" అన్నాను నేను. "వాని చూపే బాగలేదు."

రాజశేఖర్ ఉగ్గాని నములుతూ నవ్వాడు. "మీ మొగాలు! టవరూ వద్దు, కానిస్టేబులూ వద్దు. ఆ పెద్దాయన ఇంటి ముందర నిలబడుకోని చూస్తే సాలు, యా దారో తెలిసిపోతాది."

"ఎట్ల మామా?" అన్నాడు అన్సర్.

"పెద్ద రోడ్డున పోయేటోడు ఇంట్లో తినే కదుల్తాడు. చుట్టుబాటన పోయేటోడు చీకట్లోనే బయల్దేరల్ల, దోవలో హోటలు దొరకదు, సద్ది కట్టించుకోవల్ల. సద్దిమూట జీపెక్కిందంటే ఏటి బాట. ఎక్కలేదా, పెద్ద రోడ్డు. ఈ సీరియలు తీసినోళ్ళకు ఇయన్నీ యాడ తెలుసు!"

మేమంతా శభాష్ అన్నాం. వినేవాళ్ళు దొరికితే రాజశేఖర్ ఆగే మనిషి కాదు.

"శానా దూరం నుంచి సూసినా కనబడ్తాది. లైటు ఎలుతురులో ఆ పచ్చ చీర గుడ్డ దాగుతాదా?"

సీరియల్లో పచ్చ చీర ఎక్కడుందబ్బా అని నేను ఆలోచిస్తుండగానే గోవిందమ్మ వచ్చి టీవీ ఆపేసింది.

"అన్నా, నా మొగునికి సద్ది ఎప్పుడూ తెల్ల తువాల్లోనే కడతాంటి. ఆ పొద్దొక్కటే తువాలు ఆరలేదని నా పచ్చ చీర చించి కట్టిచ్చినా. అది జీపులోనే కాలిపాయ. గుడ్డే కదాని పోలీసోళ్ళకూ చెప్పలేదు, మాయమ్మకూ చెప్పలేదు. నువ్వు జరమొచ్చి ప్రొద్దుటూర్లో పండుకోనుంటివి. నీకెట్ల తెలుసు?"

"నువ్వే ఎప్పుడో చెప్పింటావులేమ్మా."

"చెప్పలేదన్నా."

చెప్పి ఉండదు. మా గోవిందమ్మ సంగతి నాకు తెలుసు. రాజశేఖర్ వాకిలి వైపు చూశాడు. అన్సర్ లేచి వాకిట్లో నిలబడ్డాడు. మరుగుతున్న నూనె బాణలికి ఆమె అడుగు దూరంలో ఉంది. ఆమె ఆ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆ చూపును రాజశేఖర్ ఎక్కువసేపు తట్టుకోలేకపోయాడు.

"నా చీనీ చెట్లన్నీ నరికేస్తామని బెదిరిచ్చిరి గోవిందమ్మా. అప్పుడే కాపుకొచ్చిన తోట. ఆయన్ను కాళ్ళిరగ్గొట్టి ఇడుస్తామన్యారు. సంపుతామనలేదు. నా బిడ్డలమీద ఒట్టు, సంపుతామనలేదు."

గోవిందమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె ఆయన ముందున్న ప్లేటును చూసింది. సగం తిన్న ఉగ్గాని, పక్కన తాను కొసరి వేసిన బజ్జీ.

"ఇన్నేండ్లు నా చేతి తిండి నీకెట్ల మింగుడుపడిందన్నా?"