జాలిపడితే పరుగెత్తే గుర్రం

ఆ రోజుల్లో నాకు గుర్రపుస్వారీ వచ్చని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేదాన్ని. అబద్ధమేమీ కాదు. మా నాన్నగారు హైదరాబాదులో గుర్రపు పోలీసు దళంలో పనిచేసేవారు. ఆదివారం చర్చి అయ్యాక నన్ను జీనెక్కించి మైదానమంతా తిప్పేవారు. కాకపోతే పెళ్లి, పురుడు, కాలిఫోర్నియా ప్రయాణం వరసగా వచ్చిపడి, గుర్రం మొహం చూసి చాలా ఏళ్లయిందన్న సంగతి మాత్రం బయటపెట్టేదాన్ని కాదు. చుట్టుపక్కల గుర్రాలు లేనంతకాలం ఇలాంటి విద్యలు చాలా భద్రంగా ఉంటాయి. ఎనభైల మొదట్లో మేం కాలిఫోర్నియాలోనే డబ్లిన్ అనే ఊళ్లో కాపురం పెట్టాం. అప్పటికి అక్కడ ఇళ్లకంటే కొండలే ఎక్కువ. మా అపార్ట్‌మెంట్ వెనక రోడ్డు దిగితే ఒక గుర్రపుసాల ఉండేది. పిల్లలకు స్వారీ నేర్పడానికి మనిషి కావాలని దాని గేటుకి బోర్డు కట్టారు. అది చూసి మావారు, "నీకు వచ్చుగా, వెళ్లి అడుగు," అన్నారు. ఇంట్లో కూర్చుని కూర్చుని నాకూ విసుగెత్తిపోయింది. ఆ ఉద్యోగం ఎలాగైనా రావాలనిపించింది.

సాల యజమానురాలు ఎప్పుడు చూసినా మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని తిరిగే పెద్దావిడ. మా ఇంట్లో ఆవిడ పేరు బూట్ల దొరసాని. షుగర్ అనే ముసలి ఆడగుర్రం మీద నన్నెక్కించి, దాన్ని కదిలించడానికి నాలుకతో "చ్చొ" అని చిన్న చప్పుడు చేసింది. (అక్కడి గుర్రాలకు ఆ చప్పుడంటే కదలమని. ఇంకోసారి అంటే ఇంకాస్త వేగంగా కదలమని. మా నాన్నగారి గుర్రాలు మడమ తగిలిస్తే కదిలేవి కాబట్టి నాకీ పద్ధతి కొత్త.) షుగర్ కాస్త నడిచింది, తరవాత కాస్త పరుగందుకుంది, నేను దిగిపోయాను. దిగానని అనడం నా మర్యాద కోసం. పడ్డాను. దెబ్బ తగల్లేదు గానీ, భయం పట్టుకుంది. మళ్లీ ఎక్కమంటే రికాబులో కాలు పెట్టడం, తీయడం, చివరికి దాహం వేస్తోందనడం. దొరసాని కోప్పడలేదు. "నెలాఖరు శనివారం దాకా టైమ్ ఇస్తాను. రోజూ వచ్చి అలవాటు చేసుకో. ఆ రోజు తాడు లేకుండా, నీ అంతట నువ్వు ఒక్క చుట్టు పరుగు తీయించాలి. లేదంటే వేరే మనిషిని చూసుకుంటా," అంది. రోజూ వెళ్లాను. ఆవిడ తాడు పట్టుకుని నడిపిస్తే రాణిలా కూర్చునేదాన్ని. పరుగు అనగానే వంగి జూలు పట్టుకునేదాన్ని.

ఇదంతా గుట్టుగా జరిగిపోవలసింది. కానీ శుక్రవారం సాయంత్రాలు తెలుగు కుటుంబాలం ఒకరింట్లో ప్రార్థనకు కూడేవాళ్లం. ప్రార్థన అవసరతలు చెప్పమన్నప్పుడు ఒకరు గ్రీన్ కార్డ్ అన్నారు, ఒకరు లేఆఫ్ అన్నారు, మావారు గుర్రం అన్నారు. అందరూ నావైపు తిరిగారు. మా అందరికీ పెద్దదిక్కయిన గుంటూరు అక్క (ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీది కూర సంగతి మరిచిపోవలసిందే) నా చేయి పట్టుకుంది.

"ఒక్కదానివే ఎందుకెళ్తావమ్మాయ్? అందరం వచ్చి నిలబడతాం."

"వద్దక్కా, మీకెందుకు శ్రమ?"

"శ్రమేంటి? శనివారం ఎవరికి ఆఫీస్ ఉంది గనక? పులిహోర చేసుకొస్తా."

శనివారం ఉదయం కంచె పొడుగునా మావాళ్లే. నేను జీనెక్కాను, దొరసాని తాడు విప్పేసి మధ్యలోకి వెళ్లి నిలబడింది. నా మొహంలో నెత్తురుచుక్క లేకపోవడం చూసి గుంటూరు అక్కకు కడుపు తరుక్కుపోయినట్టుంది. "పాపం, ఎట్లా వణుకుతోందో చూడండే!" అని నాలుకతో "చ్చొ చ్చొ చ్చొ" అంది. కష్టంలో ఉన్న మనిషిని చూస్తే మనవాళ్లెవరైనా అనేదే. షుగర్ కదిలింది. నేను పక్కకి ఒరిగాను. ఈసారి కంచె మొత్తం ఒక్కసారిగా "చ్చొ చ్చొ" అంది. షుగర్ పరుగందుకుంది. ఆ గుర్రాన్ని దొరసాని అన్నేళ్లలో అంత హుషారుగా ఎప్పుడూ చూసి ఉండదు.

"బ్రేక్ వెయ్యి!" అని మావారు అరిచారు.

"ఆంటీ సూపర్ ఫాస్ట్ వెల్తుంది!" అని అక్కడ పుట్టిన ఒక పిల్ల చప్పట్లు కొట్టింది.

మొదటి చుట్టు పూర్తయ్యేసరికి నాకు సంగతి వెలిగింది. "అక్కా, అట్లా అనొద్దు! జాలిపడొద్దు!" అని అరిచాను. గాలికి నా మాటలు కంచె దాకా పోలేదు. "ఏదో అంటోంది పాపం, చ్చొ చ్చొ," అన్నారు. నేనెంత దీనంగా కనిపిస్తే అంత వేగం. పగ్గాలు లాగాను, జూలు పట్టుకున్నాను, యేసయ్యా అన్నాను. ఆ జాలి ముందు ఏదీ పనిచెయ్యలేదు. చివరికి గుంటూరు అక్క, "ఇది మనవల్ల కాదు. ప్రార్థన చేద్దాం, కళ్లు మూసుకోండి," అంది. అందరూ తలలు వంచారు. చప్పుళ్లు ఆగిపోయాయి. షుగర్ మెల్లగా నడకలోకి దిగి, అవతలి మూల నిలబడిపోయింది.

దిగిపోదామనే అనుకున్నాను. తిరిగిన చుట్లేవీ నావి కావని నాకూ తెలుసు, దొరసానికీ తెలుసు. ఆవిడ ఒక్క చుట్టు అన్నట్టు వేలు పైకెత్తి చూపించింది. కంచె దగ్గర గుంటూరు అక్క ప్రార్థన ఇంకా అబ్రాహాము దగ్గరే ఉంది. భయం వేసింది, బాగానే వేసింది. వేసినా, జూలు వదిలి, వెన్ను నిటారుగా పెట్టి, మడమ తగిలించాను. షుగర్ ఒక్క క్షణం ఆలోచించి కదిలింది, మళ్లీ తగిలిస్తే పరుగందుకుంది. ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో ఒంటికి తెలుస్తూనే ఉంది. నేను అడ్డుపడకుండా ఉన్నానంతే. చుట్టు పూర్తిచేసి అదే మూల ఆపాను. దొరసాని, "సోమవారం రా," అంది.

అప్పుడు వినిపించింది ఆమెన్. అందరూ కళ్లు తెరిచారు. "చూశారా, దేవుడు దాన్ని ఎక్కడ ఆపాడో అక్కడే ఉంది!" అని గుంటూరు అక్క కళ్లు తుడుచుకుంది. తరవాత పులిహోర తిన్నాం.

ఇప్పటికీ ఎవరింట్లో పెళ్లయినా ఆ పాత బృందం కలిస్తే నా గుర్రం కథ రావలసిందే. నేను అరిచిన అరుపులన్నీ మావారు అభినయించి చూపిస్తారు, నేనూ కడుపుబ్బ నవ్వుతాను. వాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు ఇంకో చుట్టు కూడా తిరిగానని చెబితే నమ్ముతారు, నిజమే. కానీ కుర్చీలోంచి లేవడానికి పక్కవాళ్ల చేయి అందుకునే ఈ వయసులో, జూలు వదిలేసి నిటారుగా కూర్చున్న ఆ అమ్మాయిని నలుగురిలోకి తీసుకురావడానికి ఎందుకో మనసొప్పదు. ఆమెను చూసిన తెలుగు మనిషిని నేనొక్కదాన్నే.